వెయ్యి గుండెలు చదివిన మనిషి

కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారి వైద్య మ్యూజియంలో రెండు వందల ఏళ్ల నాటి గుండె ఒకటి ఉంది. ఒక యువకుడిది. అతను చనిపోయాక ఆండ్రూ హోమ్స్ అనే వైద్యుడు శవపరీక్ష చేశాడు. రెండు జఠరికలు ఉండవలసిన ఆ గుండెలో నిజంగా పనిచేసింది ఒకటేనని, రెండోది పేరుకు మాత్రం ఉన్న చిన్న గది అని తేలింది. అలాంటి గుండెతో మనిషి యవ్వనం దాకా బతకడం విశేషమే. హోమ్స్ ఆ వివరాలన్నీ రాసి పంపితే 1824లో ఎడింబరో వైద్య సంఘం సంపుటంలో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఆయన మెక్‌గిల్ వైద్య విభాగానికి మొదటి డీన్ అయ్యారు. గుండె మాత్రం మ్యూజియం అలమరలోకి చేరింది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎవరిదో, ఎప్పటిదో చెప్పేవాళ్లు కరవయ్యారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఆ మ్యూజియం సర్దే పని చేతికొచ్చిన ఒక స్త్రీ దాన్ని చూసి ఆగిపోయారు. తెలిసినవారికి ఉత్తరం రాసి, డెబ్బై అయిదేళ్ల వెనకటి ఆ వ్యాసం ఆచూకీ పట్టుకుని, 1901లో దాన్ని మళ్లీ వైద్యలోకం ముందు పెట్టారు.

ఆమె పేరు మాడ్ అబాట్. కిందటి శతాబ్దపు కెనడా ప్రముఖుల గురించి చెప్పుకొనేటప్పుడు మనకు ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ గుర్తొస్తాడు, చైనా యుద్ధభూమిలో ప్రాణాలు విడిచిన బెథూన్ గుర్తొస్తాడు. అబాట్ పేరు అంతగా వినపడదు. కానీ గుండెలో రంధ్రం ఉందన్న మాట డాక్టరు నోట విని కాళ్లాడక నిలబడిపోయిన తల్లిదండ్రులు మన జిల్లాల్లో ఎందరు లేరు! ఆ రంధ్రం ఎక్కడుంది, దానివల్ల ఏమవుతుంది, బిడ్డకు ఏ వయసులో ఏ ఆపరేషన్ చేయాలి అని ఇవాళ డాక్టరు నిదానంగా చెప్పగలుగుతున్నాడంటే ఆ జ్ఞానానికి పునాది వేసినవాళ్లలో ఆమె ముందువరసలో ఉంటారు.

1869లో క్యూబెక్ ప్రాంతంలో సెయింట్ ఆండ్రూస్ ఈస్ట్ అనే చిన్న ఊళ్లో ఆమె పుట్టారు. ఏడు నెలల పసిబిడ్డగా ఉండగానే తల్లి క్షయతో కన్నుమూసింది. తండ్రి అంతకుముందే దూరమయ్యాడు. ఇద్దరు ఆడపిల్లలను అమ్మమ్మ చేరదీసి, తమ ఇంటిపేరే పెట్టించి పెంచింది. పదిహేనేళ్లు వచ్చేదాకా చదువంతా ఇంట్లోనే. బడికి పోవాలన్న ఆరాటం ఆ వయసులో ఆమె రాసుకున్న డైరీ నిండా ఉంది. సరిగ్గా అప్పుడే, 1884లో, డొనాల్డ్ స్మిత్ అనే ధనికుడి విరాళంతో మెక్‌గిల్ ఆర్ట్స్ విభాగంలోకి అమ్మాయిలను రానిచ్చారు. దాత పేరు మీదుగా ఆ విద్యార్థినులను డొనాల్డాలు అనేవారు. అబాట్ 1886లో స్కాలర్‌షిప్‌తో చేరి, 1890లో బంగారు పతకంతో పట్టా అందుకున్నారు. ఆ ఏడాది విద్యార్థినుల తరఫున వీడ్కోలు ప్రసంగం చేసిందీ ఆమే.

ఆ పతకం ఇచ్చిన విశ్వవిద్యాలయమే వైద్యం చదువుతానంటే ఒప్పుకోలేదు. ఆమె అర్జీ పెట్టారు. ఊళ్లోని పెద్దమనుషులు కొందరు మద్దతిచ్చారు, పత్రికలు రాశాయి. వైద్య విభాగం ససేమిరా అంది. ఆమె బంధువైన జాన్ అబాట్ మరి కొద్దికాలానికే, 1891లో, దేశ ప్రధాని అయ్యారు. ప్రధాని ఇంటిపేరు ఉన్న పిల్లకు కూడా ఆ తలుపు తెరుచుకోలేదంటే మామూలు ఇళ్ల పిల్లల సంగతి ఊహించుకోవచ్చు. మన తెలుగు జిల్లాలు చాలావరకు ఉండిన మద్రాసు ప్రెసిడెన్సీలో, మద్రాసు వైద్య కళాశాల 1875లోనే నలుగురు స్త్రీలను సర్టిఫికెట్ కోర్సులో చేర్చుకుంది. ప్రసవ వేదనలో కూడా మగ డాక్టరు చేయి తగలనివ్వని ఇళ్లను చూసి కలత చెందిన మేరీ షార్లీబ్ ఆ నలుగురిలో ఒకరు. సంపన్న దేశంలో అన్నీ ముందే వచ్చేస్తాయని, మన దగ్గరికి అవి ఆలస్యంగా దిగుమతి అవుతాయని అనుకోవడం మనకు అలవాటు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అలవాటును కొంచెం సరిదిద్దుకోవాలనిపిస్తుంది.

మాంట్రియల్‌లోనే ఉన్న మరో సంస్థ, బిషప్స్ కళాశాల వైద్య విభాగం, ఆమెను చేర్చుకుంది. ఆసుపత్రి వార్డుల్లోకి వెళ్లడానికి అనుమతి చీటీ కావాలి. అది దక్కడానికీ మళ్లీ పోరాటమే. 1894లో బహుమతులతో సహా పట్టా పుచ్చుకుని, అక్క ఆలిస్‌ను వెంటబెట్టుకుని పైచదువుకు ఐరోపా వెళ్లారు. జూరిక్‌లో, వియన్నాలో పెద్దపెద్ద వైద్యుల దగ్గర శిక్షణ పొందారు. వియన్నాలో ఆలిస్‌కు జబ్బు చేసింది. ఆ జబ్బు మనసుకు పాకింది, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. అప్పటినుంచి అక్క బతికున్నంతకాలం ఆమె పోషణ, సంరక్షణ అంతా చెల్లెలిదే. మాడ్ అబాట్ రాసిన వ్యాసాల చిట్టా నూరు దాటుతుంది. ఆ రాతంతా ఇంట్లో ఒక రోగిని కనిపెట్టుకుని ఉంటూ చేసిందని జీవితచరిత్రల్లో ఒక వాక్యంలో తేల్చేస్తుంటారు. ఆ వాక్యం దగ్గర కాసేపు నిలబడాలి. రోగిని చూసుకున్నవాళ్లకు తెలుస్తుంది ఆ ఏళ్ల బరువు ఎంతో.

1897లో తిరిగి వచ్చి మాంట్రియల్‌లో ప్రాక్టీసు పెట్టారు. రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో గుండె చప్పుళ్ల మీద ఒక పరిశోధన చేశారు. దాన్ని నగర వైద్య సంఘంలో చదవాలి. ఆ సంఘంలోకి స్త్రీలకు ప్రవేశం లేదు కనుక ఆమె పత్రాన్ని ఒక మగ డాక్టరు చదివిపెట్టారు. విన్నవాళ్లు దాని విలువ గుర్తించారు, ఆ తర్వాత ఆమెను సభ్యురాలిగా చేర్చుకున్నారు. ఆ సంఘంలో మొదటి స్త్రీ ఆమే. 1898లో మెక్‌గిల్ వైద్య మ్యూజియంలో సహాయ పర్యవేక్షకురాలిగా ఒక చిన్న ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాదికి పర్యవేక్షకురాలయ్యారు. వైద్యం చదవడానికి పనికిరాదన్న చోట జాడీలు తుడిచి, లేబుళ్లు అంటించడానికి పనికొచ్చారు.

వేరే మ్యూజియంలు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని ఆమెను అమెరికా పంపారు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళితే అక్కడ విలియం ఆస్లర్ కలిశారు. ఆస్లర్ కూడా కెనడావాడే. ఒంటారియోలో పుట్టి, మెక్‌గిల్‌లో చదివి, అక్కడే పాఠం చెప్పి, విద్యార్థులను పుస్తకం దగ్గర కాక రోగి మంచం దగ్గర నిలబెట్టి నేర్పిన గొప్ప గురువు. మాంట్రియల్‌లో ఉన్న రోజుల్లో తాను వందల శవపరీక్షలు చేసి భద్రపరిచిన నమూనాలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయని, అది ఎంత అరుదైన అవకాశమో గ్రహించమని ఆయన ఆమెకు చెప్పారు. దిగులుగా చేరిన ఉద్యోగం ఆ ఒక్క మాటతో ఆమె కళ్లకు వేరుగా కనబడింది. తర్వాత హోమ్స్ గుండె జాడ తీయడంలో తోడ్పడిందీ ఆస్లరే.

మ్యూజియం పని అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒక జాడీలో గుండె ఉంటుంది. దాని మీద ఒక అంకె ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ గుండె ఎవరిది, ఏ వయసులో పోయారు, బతికుండగా ఏం బాధపడ్డారు, ఒళ్లు నీలిబారిందా, ఆయాసం ఎప్పుడు మొదలైంది, ఛాతీ మీద వినపడ్డ చప్పుడు ఎలాంటిది అన్నవి ఆసుపత్రి పాత రికార్డుల్లో ఎక్కడో ఉంటాయి. జాడీని, కాగితాన్ని మళ్లీ కలపాలి. గ్రంథాలయాల్లో పుస్తకాలకు వాడే దశాంశ పద్ధతిలాంటి దాన్ని నమూనాలకు వాడి ఆమె వరస ఏర్పరిచారు. విద్యార్థులు అడుగుతుంటే ఒక్కో జాడీ చేతికిచ్చి ఆ మనిషి కథ చెప్పేవారు. ముందు సరదాగా వచ్చినవాళ్లు తర్వాత గుంపులుగా రాసాగారు. ఆ తరగతులు చివరికి పాఠ్యక్రమంలో భాగమయ్యాయి.

పుట్టుకతో వచ్చే గుండె లోపాల మీద అప్పటికి వైద్యలోకానికి ఆసక్తి తక్కువ. లండన్‌లో థామస్ పీకాక్ 1858లో ఒక మంచి గ్రంథం రాశాడు కానీ అది నిపుణుల అలమరల్లోనే ఉండిపోయింది. ఆస్లర్ అంతటివాడే తన ప్రసిద్ధ పాఠ్యపుస్తకంలో ఈ లోపాల గురించి తెలుసుకున్నా వైద్యుడు చేయగలిగింది పెద్దగా లేదన్న అర్థం వచ్చేలా రాశాడు. చాలామంది పిల్లలు పుట్టిన కొద్దికాలానికే పోతారు, మిగిలినవాళ్లకు మందు లేదు. అప్పటికి అది నిజమే. అటువంటి విషయం మీద అధ్యాయం రాయమని 1905లో ఆస్లర్ తన సంపాదకత్వంలో రానున్న వైద్య సంపుటాల కోసం అబాట్‌ను అడిగారు. ఆమె పీకాక్ పద్ధతినే మరింత ముందుకు తీసుకెళ్లి, 412 కేసులను పట్టికలుగా విడగొట్టి, లోపానికీ లక్షణానికీ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపారు. 1908లో అది అచ్చయింది. ఆ విషయం మీద ఇంతకన్నా మంచి రచన ఏదీ రాలేదని ఆస్లర్ ఆమెకు మెచ్చుకుంటూ రాశారు.

ఆమె చేసిన విభజన ఇప్పటికీ పాఠం చెప్పడానికి పనికొస్తుంది. గుండెలో ఎడమ, కుడి పక్కల రక్తం ఒకదానితో ఒకటి కలవని లోపాలు ఒక తెగ. రంధ్రం ఉన్నా ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ కనుక మంచి రక్తమే కుడివైపుకు పోయే లోపాలు రెండో తెగ. ఈ పిల్లలు పుట్టినప్పుడు నీలంగా ఉండరు, ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల మీద భారం పెరిగాకనో, చివరి దశలోనో నీలిబారతారు. చెడు రక్తం ఊపిరితిత్తులకు వెళ్లకుండానే ఒంట్లోకి పోయే లోపాలు మూడో తెగ. వీళ్లు పుట్టుకతోనే, లేదా పసితనంలోనే నీలంగా ఉంటారు. ఎకో పరీక్ష లేని కాలం అది. డాక్టరు ముఖ్యంగా ఆధారపడింది కళ్లు, చేతులు, స్టెతస్కోప్ మీదే. బిడ్డ పెదవుల రంగు చూసి, ఆ రంగు ఎప్పుడు వచ్చిందని తల్లిని అడిగి, లోపల రక్తం ఎటు పారుతోందో ఊహించే దారి అబాట్ చూపించారు.

1907 ఏప్రిల్‌లో మెక్‌గిల్ వైద్య భవనం తగలబడింది. మ్యూజియంలో చాలా భాగం బూడిదైంది. హోమ్స్ గుండె బతికి బయటపడింది. మిగిలినవాటిని ఏరుకుని, ప్రపంచంలోని ఇతర మ్యూజియంలకు రాసి నమూనాలు తెప్పించి, ఆమె మళ్లీ నిలబెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వైద్య మ్యూజియంల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శిగా, దాని పత్రికకు సంపాదకురాలిగా దశాబ్దాల పాటు పనిచేశారు. ఇవాళ అంతర్జాతీయ పాథాలజీ అకాడమీ అని పిలుస్తున్నది ఆ సంఘమే.

ఇక హోదా సంగతి. 1910లో మెక్‌గిల్ ఆమెకు గౌరవ వైద్య పట్టా ఇచ్చింది, లెక్చరర్‌ను చేసింది. ఆనాటికి ఆ విభాగంలో చదవడానికి స్త్రీలకు ఇంకా అనుమతి లేదు. అది 1918లో వచ్చింది. 1922లో అయిదుగురు అమ్మాయిలు మొదటి పట్టాలు అందుకున్నారు. ఇంకో సంగతి కూడా కలిపి చూడాలి. ఆమెను చేర్చుకున్న బిషప్స్ వైద్య విభాగం 1905లో మెక్‌గిల్‌లో విలీనమైపోయింది. అంటే ఆమె లోపలికి వచ్చిన పక్క తలుపు కూడా ఆ తర్వాత మూసుకుపోయింది. పదమూడేళ్ల పాటు మాంట్రియల్‌లో ఇంగ్లిషులో వైద్యం చదవాలనుకున్న అమ్మాయికి అక్కడ చోటే లేదు. ఆ పదమూడేళ్లూ మెక్‌గిల్‌లోనే అబాట్ మగ విద్యార్థులకు పాఠం చెబుతున్నారు.

1923లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల పిలిచి ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. రెండేళ్లు చేసి తిరిగొచ్చారు. మెక్‌గిల్ ఆమెను అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. 1936లో పదవీ విరమణ నాటికీ అదే హోదా. ఆ ఏడే ఆమె మహాగ్రంథం, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల అట్లాస్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తరఫున వెలువడింది. వెయ్యి కేసులు. వాటి వెనుక వెయ్యి మంది మనుషులు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు.

ఇలాంటి జీవితాల గురించి రాసేటప్పుడు ఒక మాట సులభంగా దొర్లుతుంది. అడ్డంకే ఆమెకు మేలు చేసిందని, మామూలుగా డాక్టరై ఉంటే అందరిలో ఒకరయ్యేదని, మ్యూజియంలోకి నెట్టబడింది కనుకనే చరిత్రలో నిలిచిందని. ఈ మాటను మేం ఒప్పుకోం. తాళం వేసినవాడికి మనం కృతజ్ఞత చెప్పనక్కర్లేదు. ఆమె ప్రతిభ ఆమెది, ఆమె శ్రమ ఆమెది. తలుపు తెరిచి ఉంటే వార్డులో బతికున్న పిల్లల మధ్య ఇంకేం చేసి ఉండేవారో ఎవరూ లెక్కగట్టలేరు. ఆ తలుపు దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోయినవాళ్ల లెక్క అసలే లేదు.

ఆ రోజుల్లోనే, అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో హారియట్ బ్రూక్స్ అనే యువతి పనిచేసింది. రూథర్‌ఫర్డ్ మెక్‌గిల్‌కు వచ్చాక ఆయన దగ్గర పరిశోధనకు చేరిన మొదటి విద్యార్థిని. రేడియోధార్మిక పదార్థాల మీద ఆమె చేసిన పరిశీలనలను రూథర్‌ఫర్డ్ ఎంతో గౌరవించాడు. 1906లో న్యూయార్క్ బర్నార్డ్ కళాశాలలో పాఠాలు చెబుతుండగా ఆమెకు పెళ్లి నిశ్చయమైంది. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాలని కళాశాల చెప్పింది. వృత్తి చేసుకునే హక్కు తనకుందని ఆమె నిలదీసి రాసింది. చివరికి ఆ నిశ్చితార్థమూ పోయింది, ఉద్యోగమూ పోయింది. కొన్నాళ్లు పారిస్‌లో మేరీ క్యూరీ దగ్గర పనిచేసి, 1907లో మరొకరిని పెళ్లాడి మాంట్రియల్‌లో స్థిరపడింది. మళ్లీ ప్రయోగశాల ముఖం చూడలేదు. 1933లో చనిపోయింది. అడ్డంకి మేలు చేస్తుందనేవాళ్లు అబాట్ పేరు చెప్పిన ప్రతిసారీ బ్రూక్స్ పేరు కూడా చెప్పాలి.

అట్లాస్ వచ్చిన రెండేళ్లకు, 1938 ఆగస్టులో, బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్ ఏడేళ్ల పాపకు ఆపరేషన్ చేశాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండి, పుట్టాక మూసుకుపోవలసిన రక్తనాళం ఆ పాపలో మూసుకోలేదు. గ్రాస్ దాన్ని దారంతో బిగించి కట్టేశాడు. మందు లేదనుకున్న జబ్బుల్లో ఒకటి ఆ రోజు నయమైంది. దాన్ని చూసే అదృష్టం అబాట్‌కు దక్కింది. జాన్స్ హాప్కిన్స్‌లో నీలిబారిన పిల్లలను చూస్తున్న హెలెన్ టాసిగ్ మాంట్రియల్ వెళ్లి అబాట్ దగ్గర నేర్చుకున్నారు. టాసిగ్‌కు వినికిడి దెబ్బతింది, పిల్లల ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండెను చదివేవారు. ఆమె ఆలోచనతో 1944 నవంబరులో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ మొదటి నీలి బిడ్డకు ఆపరేషన్ చేశారు. ఆ పద్ధతిని ముందు కుక్కల మీద చేసి చేయి తిప్పుకొన్న వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు బ్లాలాక్ వెనుక నిలబడి అడుగడుగునా సలహా చెప్పాడు. అతనికి వైద్య పట్టా లేదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1976లో. ఆపరేషన్ గది లోపలా, మ్యూజియంలోనూ పని ఒకరిది, కుర్చీ ఇంకొకరిది కావడం ఈ కథలో పదేపదే ఎదురవుతుంది.

మన దగ్గర ఆరోగ్యశ్రీ వచ్చాక కూలి కుటుంబాల పిల్లలకు కూడా గుండె ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. ఛాతీ మధ్య నిలువు మచ్చతో బడికి పోతున్న పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. మన ప్రతి వైద్య కళాశాలలోనూ పాథాలజీ మ్యూజియం ఉంది. పరీక్షల ముందు విద్యార్థులు అందులోని నమూనాలను గుర్తుపట్టడం సాధన చేసి వెళ్లిపోతారు. ఫార్మలిన్ మార్చేవాళ్లు, లేబుళ్లు చూసేవాళ్లు ఎవరో ఆ పిల్లలకు తెలియదు. ఆ జాడీల వెనుక ఉన్న కేసు షీట్లు భద్రంగా ఉన్నాయా, ఒక్కో నమూనాకు ఒక్కో మనిషి కథ ఇంకా అతుక్కుని ఉందా అని మన కళాశాలలు ఒకసారి చూసుకోవడం అవసరం. కాగితం తెగిపోయిన జాడీ ఏమీ చెప్పలేదు. ఆ పనికి ఒక మనిషిని, కాస్త జీతాన్ని, కాస్త గౌరవాన్ని కేటాయించడం పెద్ద ఖర్చు కాదు.

డీగో రివేరా 1940లలో మెక్సికో హృద్రోగ సంస్థ గోడల మీద గుండె వైద్య చరిత్రను చిత్రించాడు. ఆ కుడ్యచిత్రాల్లోని వైద్యుల్లో ఒకే ఒక స్త్రీగా మాడ్ అబాట్ ఉన్నారు. అప్పటికి ఆమె లేరు. పదవీ విరమణ తర్వాత కూడా విశ్రాంతి తీసుకోకుండా, అట్లాస్‌లోని పట్టికలను దాటి ఈ జబ్బుల మీద పూర్తి పాఠ్యగ్రంథం రాయాలని ఆమె తలపెట్టారు. దానికి కార్నెగీ సంస్థ నుంచి నిధులు కూడా మంజూరయ్యాయి. 1940 వేసవిలో మెదడులో రక్తస్రావమై మంచం పట్టి, సెప్టెంబరు 2న కన్నుమూశారు. ఆ విషయం మీద సమగ్ర గ్రంథాన్ని టాసిగ్ రాశారు. 1947లో అది అచ్చయ్యేనాటికి దేశదేశాల నుంచి నీలిబారిన పిల్లలను ఎత్తుకుని తల్లిదండ్రులు బాల్టిమోర్‌కు వస్తూనే ఉన్నారు.